పాత క్యారవాన్‌లో స్నానాల గది: ముందు తూము సంగతి చూడండి

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. మావారు రిటైరయ్యాక, ఒకప్పుడు సినిమా షూటింగులకి తిరిగిన పాత క్యారవాన్ ఒకటి కొన్నారు. మంచాలు, ఫ్యాన్లు బానే ఉన్నాయి కానీ బాత్రూమ్ ఉన్న మూల మొత్తం పీకేసి అమ్మారు, ఒక్క పైపు కూడా లేదు. మా అత్తగారికి 74 ఏళ్లు. ఆవిడని 2027 పుష్కరాలకి రాజమండ్రి, ఈలోపు అంతర్వేది, అరకు తిప్పాలని మావారి సరదా. మా ఊరి ప్లంబర్ ఏమంటాడంటే, బండి పైన 300 లీటర్ల ట్యాంకు పెట్టి, ఇంట్లో వేసినట్టే గట్టి పైపులు వేసి, గ్యాస్ గీజర్ బిగించి, కింద ఒక కన్నం కొట్టేస్తే వాడిన నీళ్లు రోడ్డు మీదకి పోతాయి, రెండు రోజుల పని అంటాడు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. అతను చెప్పినట్టు చేయించుకోవచ్చా? (పేరు వద్దు, కోనసీమ)

సమాధానం: అమ్మా, మీకు టెన్షన్ రావడంలో తప్పేం లేదు. ఆ నాలుగు పనుల్లో ఒక్కటి కూడా అతను చెప్పినట్టు చేయించకండి. గ్యాస్ గీజర్ మాటైతే ఇంకెవరినీ ఎత్తనివ్వకండి, దాని సంగతి కింద వివరంగా రాస్తాను. అతను ఇళ్లకి చక్కగా పనిచేసే మనిషే అయ్యుంటాడు, కానీ ఇల్లు కదలదు. బండి గతుకుల్లో ఊగుతుంది, బ్రేకు వేస్తే ట్యాంకులో నీళ్లన్నీ ముందుకి తన్నుకొస్తాయి, లోపలంతా ప్లైవుడ్డు, చెక్క రీపర్లు కాబట్టి ఎక్కడ చుక్క కారినా గోడే తాగేస్తుంది. ఇంటి లెక్క ఇక్కడ కుదరదు.

బండిలోకి నీళ్లు తేవడం నిజానికి తేలిక. ఒక ట్యాంకు, ఒక చిన్న పంపు, పాతిక అడుగుల గొట్టం, రెండు కుళాయిలు, అంతే. వాడేసిన నీళ్లు ఎటు పంపాలి, కారిన నీళ్లు ఎక్కడ చేరతాయి, ఈ రెండింటి దగ్గరే పాత బండ్లు పాడైపోతాయి. అందులోనూ మన డెల్టాలో నేలా చెమ్మే, గాలీ చెమ్మే. అందుకని పని తూము దగ్గర మొదలుపెట్టి వెనక్కి కుళాయి దాకా రండి. నేనూ ఆ వరుసలోనే చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ పీకేసిన మూలకి వెళ్లండి. బాత్రూమ్ ఊరికే పీకరమ్మా, చాలాసార్లు అక్కడ ఏళ్ల తరబడి లీకై కింద చెక్క చీకిపోయి ఉంటుంది. పైనున్న వినైల్ షీటు లేపి, ప్లైవుడ్డు మీద జానెడు జానెడు దూరంలో మొనతో గుచ్చి చూడండి. మంచి చెక్క అయితే మొన దిగదు, చేతికి ఎదురు తంతుంది. చీకిన చోట మెత్తగా లోపలికి పోతుంది, పైకి లాగితే తడి అట్టముక్కలా పొరలు పొరలుగా ఊడొస్తుంది. గోడ కింది జానెడు కూడా అలాగే గుచ్చి చూడండి, ఎందుకంటే నేల మీది నీళ్లు గోడలోకి పైకి ఎగబాకుతాయి. తర్వాత మెకానిక్‌ని బండి కిందకి దూరి ఛాసిస్, అంటే అడుగున ఉండే ఇనుప చట్రం, చూడమనండి. మీది సముద్రం దగ్గర ఊరు, ఉప్పుగాలి. ఇనుము మీద తుప్పు రేకులు రేకులుగా లేస్తుంటే వెల్డింగ్ పని ముందు కావాలి, ట్యాంకు బరువు పడేది దాని మీదే.

చీకిన ప్లైవుడ్డు మొహమాటం లేకుండా కోసి పారేయించి, కొత్తది ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై వేయించండి. షాపులో వాటర్‌ప్రూఫే అని చెప్పి ఐఎస్ 303 గుర్తున్నది అంటగడతారు. అది వంటింటి అలమరాలకి బాగుంటుంది, స్నానాల గది నేలకి చాలదు.

ఆ నేల మీద టైల్స్ వద్దు. బరువు ఒక ఎత్తు, బండి మెలి తిరిగినప్పుడల్లా టైల్స్ సందులు విడి, వాటిలోంచి నీళ్లు దిగడం ఇంకో ఎత్తు. దీనికి మన తీరంలోనే మంచి పనివాళ్లున్నారు, వాళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వేటకెళ్లే ఫైబర్ బోట్లు రిపేరు చేసేవాళ్లు. సముద్రపు నీళ్లని పడవలోకి రానివ్వకుండా ఆపే మనిషికి బకెట్టు నీళ్లని మీ ప్లైవుడ్డులోకి పోకుండా ఆపడం ఎంతసేపు. నేల మీద, నాలుగు పక్కలా గోడల మీదకి కనీసం ఆరంగుళాలు ఎక్కేటట్టు, ఎక్కడా అతుకు లేకుండా ఫైబర్ మ్యాట్ (గాజునార పట్టా), దాన్ని తడిపి గట్టిపరిచే రెజిన్ రెండు మూడు పొరలు వేయించండి. మూలల్లో మడత నిక్కచ్చిగా లంబంగా ఉండకుండా గుండ్రంగా తిప్పమనండి, అప్పుడు అక్కడ పగలదు, తోముకోవడమూ తేలిక. పాదం జారకుండా పైపూతలో కాస్త సన్న ఇసుక చల్లమంటే చల్లుతారు, మీ అత్తగారి కోసం అది తప్పకుండా చేయించండి. రెజిన్ వాసన కొన్ని రోజులుంటుంది, అన్నాళ్లూ తలుపులు తెరిచే ఉంచండి, లోపల ఎవరూ పడుకోవద్దు. గోడ పైభాగానికి పీవీసీ షీటు చాలు. ఫైబర్ అంచు మీదకి ఆ షీటు దిగాలి కానీ, షీటు మీదకి ఫైబర్ ఎక్కకూడదు. పైనుంచి జారిన నీళ్లు అంచు దాటి లోపలే పడాలి, ఈ చిన్న తేడా దగ్గరే చాలా గదులు కారతాయి.

తూములు రెండు పెట్టించండి, ఎదురెదురు మూలల్లో. బండి ఆపిన చోట నేల ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక మూల మెరకయితే ఇంకో మూల పల్లం, ఒక్క తూమే ఉంటే నీళ్లన్నీ దాని అవతల మూలలో నిలబడిపోతాయి. ఇంట్లో తూము కింద ఉండే వంపు గొట్టం, అంటే ట్రాప్‌లో నీళ్లు నిలిచి వాసనని ఆపుతాయి కదా, బండిలో ఆ నీళ్లు కుదుపులకి ఒలికిపోతాయి, ఎండకి ఆరిపోతాయి, తర్వాత కంపు. రబ్బరుదో సిలికాన్‌దో ఒకవైపే తెరుచుకునే మూత ఉన్న తూములు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతున్నాయి, బొద్దింకలు రాకుండా అని అమ్ముతారు, అవి పెట్టించండి. ఇంకో మాట. మన ఇళ్లల్లో తలంటు అంటే నూనె, కుంకుడుకాయ పిప్పి, సున్నిపిండి, దానికి తోడు జుట్టు. ఇవన్నీ కలిసి ఒకటిన్నర అంగుళం గొట్టంలో ముద్దకట్టి కూర్చుంటే విప్పితే తప్ప పోవు. తూము మీద సన్నకన్నాల జాలీ ఉండాలి. కుంకుడు రసం బయట వడకట్టుకుని లోపలికి పట్టుకెళ్లండి. సున్నిపిండి ఇంటి దగ్గరే కానివ్వండి.

ఇక రోడ్డు మీదకి కన్నం. ఇది నాకు కోపం తెప్పించే సలహా. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టా పండించేదీ తాగేదీ ఆ కాలువల నీళ్లే. మనం బండి ఆపేది ఎక్కడ? కాలువగట్టు మీద చెట్టు నీడ చూసుకుని. కింద కన్నంలోంచి పోయిన సబ్బునీళ్లు గట్టు జారి పంట కాలువలో కలుస్తాయి, ఆ కాలువే ముందుకెళ్లి ఇంకో ఊరి మంచినీళ్ల చెరువు నింపుతుంది. మనకి కనపడదు కాబట్టి తప్పు కాదనుకోవడం సరి కాదు. పోనీ గొయ్యి తీసి అందులోకి వదులుదామన్నా, వర్షాకాలంలో మన లంకల్లో మూడడుగులు తవ్వితే కింద నుంచే ఊట వస్తుంది, గొయ్యి ఏం పీల్చుకుంటుంది.

అందుకని బండి కింద వాడిన నీళ్లకి వేరే ట్యాంకు ఒకటి ఉండి తీరాలి. మంచినీళ్ల ట్యాంకు ఎంతో ఇది అంతకి తక్కువ ఉండకూడదు, కాస్త ఎక్కువైతే ఇంకా మంచిది. కింద ఒకటిన్నర అంగుళం బాల్ వాల్వు, దానికి మూత. రోడ్డు మీద స్పీడు బ్రేకర్లకి తగలకుండా ఎత్తు చూసుకుని, ఇనుప పట్టీలతో ఛాసిస్‌కి బిగించాలి. మన ఎండకి ఈ నీళ్లు ఒక రోజు దాటితే కుళ్లు వాసన పడతాయి, ఏ రోజువి ఆ రోజే ఖాళీ చేయాలి. మీ ఇంటి దగ్గరైతే కొబ్బరి పాదుల్లోకి వదలండి, ఒకే చెట్టుకి రోజూ కాకుండా మార్చి మార్చి. ప్రయాణంలో అయితే లాడ్జిలోనో, సత్రంలోనో, పెట్రోలు బంకులోనో బాత్రూమ్ తూములోకి పోసుకుంటామని అడిగితే సాధారణంగా కాదనరు. మరుగుదొడ్డి పెట్టించుకునే ఆలోచన ఉంటే దాని ట్యాంకు పూర్తిగా వేరు, ఈ ట్యాంకుతో ఎక్కడా కలవకూడదు.

ఇప్పుడు మంచినీళ్ల ట్యాంకు. లీటరు నీళ్లు కిలో బరువు. 300 లీటర్లంటే మూడు క్వింటాళ్లు, అదీ పాత బండి నెత్తి మీద! కోనసీమలో సగం దారులు కాలువగట్లే, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే మనం ఒక పక్క చక్రాలు గట్టు అంచుకి దింపాలి, అప్పుడు పైన మూడు క్వింటాళ్లు ఒక్కసారిగా పక్కకి పొర్లితే బండి కాలువలోకే వెళుతుంది. ట్యాంకు ఎప్పుడూ కిందే ఉండాలి, రెండు ఇరుసుల మధ్యలో, మంచం కింద అడుగున. నాలుగు వైపులా చెక్క గట్లు కొట్టి, పైనుంచి లారీలకి వాడే బెల్టుతో బిగించాలి.

ముగ్గురికి 100 లీటర్ల ట్యాంకు చాలు. చేతి షవర్‌తో ఒళ్లు తడుపుకుని, కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్లీ వదులుకుంటే ఒకరి స్నానానికి 10, 12 లీటర్లు సరిపోతాయి. ముగ్గురికీ 36, చేతులు, మొహాలు, గిన్నెలు కలిపి ఇంకో 20, 25. రోజుకి 60 వేసుకోండి. తల మీద గోడకి బిగించే పెద్ద షవర్ జోలికి పోకండి, అది నిమిషాల్లో ట్యాంకు ఊడ్చేస్తుంది. చేతిలో నొక్కితేనే నీళ్లొచ్చే రకం తీసుకోండి, వదిలేస్తే ఆగిపోతుంది కాబట్టి నీళ్లు మిగులుతాయి.

ట్యాంకు కొనేటప్పుడు ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్, వెలుతురు లోపలికి పోనిది చూడండి, వెలుతురు తగిలితే పాచి పడుతుంది. మన వైపు చేపల చెరువుల దగ్గర నీలం డ్రమ్ములు చవగ్గా అమ్ముతుంటారు, వాటిలో ఏ మందు పోశారో ఎవరికీ తెలీదు, ఎంత కడిగినా ఒంటికి తగిలే నీళ్లకి అవి పనికిరావు. చేతులు పెట్టి కడుక్కునేంత వెడల్పు మూత ఉండాలి. గాలి పోవడానికి సన్న గొట్టం ఒకటి విడిగా ఉండాలి, లేకపోతే నింపేటప్పుడు నీళ్లు వెనక్కి తంతాయి, వాడేటప్పుడు ట్యాంకు లోపలికి నొక్కుకుంటుంది. ఆ గొట్టం మూతికి సన్న జాలీ కట్టకపోతే మన దోమలు వారం తిరక్కుండా అందులో పిల్లలు పెడతాయి.

పంపు గురించి మీవారికి చెప్పండి, ఆయనకి ఆసక్తిగా ఉంటుంది. పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ చూసే ఉంటారు కదా. వీపున తగిలించుకుని, మీట నొక్కితే టకటకమని మోగుతూ మందు చిమ్ముతుంది, మీట వదిలితే దానంతటదే ఆగిపోతుంది. లోపల 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు (రబ్బరు పొర కొట్టుకుంటూ నీళ్లు తోసేది), దానికి ఒత్తిడి చూసి ఆపే చిన్న స్విచ్చు. క్యారవాన్‌లకి వాడేదీ సరిగ్గా ఆ రకమే, కాస్త పెద్దది, నిమిషానికి నాలుగు నుంచి ఏడు లీటర్లు ఇస్తుంది. కుళాయి తిప్పగానే మొదలవుతుంది, కట్టగానే ఆగుతుంది, వేరే ఏ స్విచ్చూ నొక్కక్కర్లేదు. కానీ ఇంట్లో పాత స్ప్రేయర్ ఉంది కదా అని దాని పంపు విప్పి ఇక్కడ బిగించకండి. పురుగుమందు ఆ రబ్బరు పొరల్లోకి ఇంకి ఉంటుంది, ఎన్ని నీళ్లు పోసి కడిగినా నమ్మలేం. కొత్తదే కొనండి. ట్యాంకుకీ పంపుకీ మధ్య విప్పి కడుక్కునే చిన్న జాలీ ఫిల్టరు ఉండాలి, ఒక్క ఇసుక నలక వెళ్లినా పంపు వాల్వు మూసుకోదు.

కరెంటు భయపడేంత ఏం తినదు. పంపు నడిచేటప్పుడు 5 ఆంప్స్ లాగినా, రోజుకి 60 లీటర్లకి పావుగంట నడుస్తుందేమో, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) బ్యాటరీలో అది ఒకటింబావు ఏహెచ్. బండి స్టార్టింగు బ్యాటరీకి మాత్రం కలపకండి, విడిగా ఒకటి పెట్టుకోండి, పంపు వైరుకి బ్యాటరీ దగ్గరే 10 ఆంప్స్ ఫ్యూజు వేయించండి. తలుపు పక్కన పంపుకి ఒక స్విచ్చు, ఎర్ర లైటుతో. బండి కదిలేటప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు, దిగి గుడికి వెళ్లేటప్పుడు ఆ లైటు ఆరి ఉండాలి. లేకపోతే ఎక్కడో ఒక గొట్టం ఊడిందంటే మీరు దర్శనం చేసుకుని వచ్చేలోపు పంపు ట్యాంకు మొత్తం మంచం కింద పోసేస్తుంది.

గొట్టాల విషయంలో, ఇంట్లో వేసే అంటింపు పైపులు గట్టివి, కుదుపులకి అతుకుల దగ్గర బీటలిస్తాయి. అర అంగుళం ఫుడ్ గ్రేడ్ వంగే గొట్టం, లోపల దారం అల్లిక ఉన్నది తీసుకోండి. మొక్కలకి పట్టే ఆకుపచ్చ పైపు వేస్తే నీళ్లకి ప్లాస్టిక్ వాసన పోదు. ప్రతి కీలు దగ్గరా స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పు, మీ ఊరి ఉప్పుగాలికి మామూలు క్లిప్పులు ఎక్కువ కాలం ఉండవు. కీళ్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది, ఉన్నవి చేయి పెట్టి తడుముకునేటట్టు ఉండాలి. అందం కోసం గోడ లోపల దాచేస్తామంటే ఒప్పుకోవద్దు.

వేడినీళ్ల సంగతి. గ్యాస్ గీజర్ మండేటప్పుడు గదిలో గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తల తిరిగినట్టనిపించేలోపే మనిషి కూలిపోతాడు. మామూలు ఇళ్ల బాత్రూముల్లోనే దీనివల్ల ప్రాణాలు పోయాయి. మీ బండిలో ఆ మూల ఎంతుంటుంది, మూడడుగులు బై మూడడుగులు, తలుపు వేస్తే అలమరా అంత. 74 ఏళ్ల ఆవిడని అందులోకి పంపి బయట నిలబడతారా మీరు? కరెంటుతో అప్పటికప్పుడు వేడి చేసే గీజర్ కూడా బ్యాటరీ మీద నడవదు, 3 కిలోవాట్లంటే 12 వోల్టుల దగ్గర 250 ఆంప్స్.

కావాల్సిందల్లా మీ స్టవ్వు. 28 డిగ్రీల నీళ్లు 10 లీటర్లలో 2 లీటర్లు మరిగే నీళ్లు కలిపితే 12 లీటర్లు 40 డిగ్రీలకొస్తాయి, అంటే ఒళ్లు కాచుకునేంత వేడి. సంక్రాంతి చలిలో ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలుంటే 3 లీటర్లు మరిగించండి. బకెట్టు, చెంబు, పీట. అత్తగారికి షవర్ కంటే అదే అలవాటు, అదే హాయి. ఆ ఫైబర్ నేల మీదే రబ్బరు కాళ్ల స్టూలు వేసి, గోడలో ఇనుప ఫ్రేముకి బోల్టులతో బిగించిన పట్టుకునే రాడ్డు ఒకటి పెట్టించండి. షీటుకి స్క్రూలు కొట్టి పెడితే ఆవిడ బరువు పడగానే ఊడొస్తుంది. స్నానం బండి ఆగి ఉన్నప్పుడే. ఇంటి దగ్గర బయటి నుంచి 230 వోల్టుల లైను లాగి ఫ్రిజ్జో ఏసీనో నడుపుతారేమో, ఆ లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), మంచి ఎర్తు లేకుండా బండి ముట్టుకోకండి. ఇనుప బాడీ, తడి కాళ్లు, తడి నేల, ఇవి మూడూ ఒకచోట ఉంటాయి.

ఇక ఏ నీళ్లు పోయాలి. మీ వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, సబ్బు నురగ రాదు, కుళాయిలు, షవర్ కన్నాలు తెల్లగా గారపట్టి మూసుకుపోతాయి. పంచాయతీ కుళాయి నీళ్లు పోసుకుని బయల్దేరడం మంచిది. వరదల రోజుల్లో గోదావరి ఎర్రగా వస్తుంది, ఆ నీళ్లు నేరుగా ట్యాంకులో పోస్తే అడుగున ఒండ్రు పేరుకుంటుంది. డ్రమ్ములో పట్టి, పటిక తిప్పి, రాత్రంతా తేరనిచ్చి పైన తేట మాత్రం పోయండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊళ్లన్నీ చెరువులో దాచుకున్న నీళ్ల మీద బతుకుతాయి, ఆ రోజుల్లో దారిలో ఎవరినైనా 100 లీటర్లు అడగడం అంటే చిన్న విషయం కాదు, ఇంటి దగ్గరే నింపుకెళ్లండి. తాగడానికి, వంటకి ఈ ట్యాంకు నీళ్లు వద్దు, 20 లీటర్ల క్యాను విడిగా పెట్టుకోండి.

ప్రయాణం అయ్యాక ట్యాంకులో, గొట్టాల్లో నీళ్లు ఉంచొద్దు. గోరువెచ్చని నిలవ నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్దవాళ్లకి నిమోనియా దాకా తీసుకెళుతుంది. మన ఊళ్లో ట్యాంకు నీళ్లు ఏడాదంతా గోరువెచ్చనే. చాలా రోజుల తర్వాత బండి తీసేటప్పుడు ట్యాంకు కడగాలి. 100 లీటర్లకి 15 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చిన్న బకెట్టులో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేట మాత్రం ట్యాంకులో పోసి నింపండి. ప్రతి కుళాయిలోనూ, షవర్‌లోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, ఒక రాత్రి ఉంచి, పొద్దున్న మొత్తం పారబోసి మంచినీళ్లతో వాసన పోయేదాకా కడిగేయండి. ఈ నీళ్లు మాత్రం కొబ్బరి పాదుల్లోకి వద్దు.

కాగితాల సంగతి కూడా మీవారి చెవిన వేయండి. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. బండిని ఏ రకంగా రిజిస్టర్ చేశారో చూసుకుని, ఛాసిస్‌కి ట్యాంకులు బిగించకముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి, తర్వాత విప్పించే కంటే అది నయం.

పని వరుస: వెల్డింగ్, తర్వాత ప్లైవుడ్డు, తర్వాత ఫైబర్, ఆ తర్వాతే ప్లంబర్. మీ ఊరి అతన్నే పిలవండి, చేతిపని వచ్చినవాడు కదా, ఏం చేయాలో మీరు చెబితే చేస్తాడు. రెండు రోజుల్లో అవదు. ఫైబర్ ఆరడానికే దగ్గర దగ్గర వారం వదిలేయండి.

అంతా బిగించాక నేల మీద పాత పేపర్లు పరిచి, ముఖ్యంగా కీళ్ల కింద, ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, పంపు స్విచ్చు వేసి ఉంచండి. ఇంటి ముందే, ఆ ఒక్క రాత్రికి. మీవారిని బండిలోనే పడుకోమనండి. కుళాయిలన్నీ కట్టి ఉంటే పంపు మోగకూడదు. మధ్యమధ్యలో ఒక్కసారి టక్కుమని మోగి ఆగుతుంటే ఎక్కడో ఒత్తిడి పోతోందన్నమాట. పొద్దున్నే పేపర్లు చూడండి, ఏది తడిసిందో దాని పైనున్న క్లిప్పు బిగించండి. పేపర్లన్నీ పొడిగా ఉండి కూడా మోగుతుంటే పంపు వాల్వులో నలక ఇరుక్కుని ఉంటుంది, జాలీ విప్పి కడిగి, కుళాయిలన్నీ ఒక్కసారి బారుగా వదిలి, మర్నాడు రాత్రి మళ్లీ చూడండి.